వీధి గోడ నుంచి ఇంటి గోడకు: వీధిచిత్ర ముద్రణలలో తత్సమ, తద్భవ, దేశ్య స్వభావాలు

వ్యాస సంగ్రహం

వీధిచిత్రకళను అనుసరించి ముద్రించిన పోస్టర్లు నేడు నగరాలలోనే కాక గోదావరి డెల్టాలోని రావులపాలెం వంటి పట్టణాలలో కూడా కొత్త ఇళ్ల గోడలకెక్కుతున్నాయి. ఇది అలంకరణ సామగ్రికి సంబంధించిన విషయంగా కనిపించినా, ఒక రూపం పుట్టినచోటు విడిచి వేరొక చోట స్థిరపడినప్పుడు దాని అర్థం ఏమవుతుందన్న సాహిత్యవిమర్శ ప్రశ్న ఇందులో ఉంది. తెలుగు వ్యాకర్తలు పదాల రాకపోకలను వివరించడానికి వాడిన తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగాన్ని ఈ చిత్రాలకు అన్వయించి, వాటి బలాబలాలను నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం. క్రీడాభిరామంలోని చిత్రశాల, ఈశ్వర్ సినిమా పోస్టర్లు, హైదరాబాదులోని మక్తా గోడచిత్రాలు, కోనసీమ ప్రభలు, స్టిక్కర్ ముగ్గు ఇందులో పరిశీలనాంశాలు.

కీలక పదాలు: వీధిచిత్రకళ, గోడపత్రిక, తత్సమం, తద్భవం, దేశ్యం, ఔచిత్యం, ముగ్గు, కోనసీమ.

1. ప్రవేశిక

రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. గౌతమి మీది వంతెన దాటి వచ్చే జాతీయ రహదారి నుంచి అమలాపురం దారి ఇక్కడే చీలుతుంది. అరటిగెలల టోకు వ్యాపారానికి ఈ ఊరు పెట్టింది పేరు. రహదారి ఊరు కావడం వల్ల ఇక్కడి గోడలకు ఖాళీ ఉండదు. సిమెంటు, విత్తనాలు, కళాశాలల ప్రకటనలు, సినిమా పోస్టర్లు, నాయకుల జన్మదిన శుభాకాంక్షలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. అదే ఊళ్లో కొత్తగా కట్టిన డాబా ఇంటి హాలులో సోఫా వెనుక గోడమీద మరొక వీధి కనిపించవచ్చు. ఎర్ర ఇటుకల నేపథ్యం, కారుతున్నట్టు ముద్రించిన రంగులు, సగం చిరిగినట్టు అచ్చువేసిన కాగితపు పొరలు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కోతి, ఎర్ర బెలూను వైపు చేయి చాచిన బాలిక. బయటి గోడమీద నిజంగా చిరిగిన కాగితం చూసి విసుక్కొనే గృహస్థుడే లోపలి గోడమీద చిరిగినట్టు ముద్రించిన కాగితాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాడు. ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు ప్రేరణ.

ఇందులో గృహస్థుని అభిరుచిని అవహేళన చేయడం ఉద్దేశం కాదు. ఇంటిని ఎలా అలంకరించుకోవాలన్నది అతని ఇష్టం. అయితే అభిరుచికి చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రను చదవడం విమర్శ పని. ఇంట్లోకి వీధి వస్తున్నప్పుడు ఏ వీధి వస్తున్నది, ఎవరి వీధి రాకుండా ఆగిపోతున్నది అన్నదే ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న.

2. వీధి, ఇల్లు: తెలుగు సాహిత్యంలో చిత్రానికి చోటు

వీధికీ గోడచిత్రానికీ తెలుగు సాహిత్యంలో ఉన్న సంబంధం పాతది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం దశరూపకాలలో ఒకటైన ‘వీథి’ అన్న ప్రక్రియకు చెందింది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. కర్తృత్వం విషయంలో శ్రీనాథుని పేరు కూడా వినిపించడం పరిశోధకులకు తెలిసినదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకోవడమే ఇందులోని ఇతివృత్తం. ఆ తిరుగుటలో వారు మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాలను చేరుకుంటారు. అక్కడి గోడలమీద పురాణాలలోని ప్రణయగాథలు చిత్రితమై ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కాకతీయుల కాలపు జనజీవనాన్ని చిత్రించడానికి ఈ కావ్యాన్నే ప్రధానాధారాలలో ఒకటిగా తీసుకున్నారు.

ఈ ఘట్టంలో గమనించవలసినవి రెండు. మొదటిది, ఆ చిత్రశాల ఇంటి లోపలిదే అయినా వీధిన పోయేవారికి చూపుగా నిలిచింది. అందులోని చిత్రాలు ఇంటి యజమానురాలి వృత్తినీ చతురతనూ వీధికి చాటాయి. రెండవది, ఆ చిత్రాల విషయానికీ ఆ ఇంటికీ పొత్తు ఉంది. ప్రణయగాథలు అక్కడ ఉండడంలో ఔచిత్యముంది. క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో పేర్కొన్న స్థానాలలో దేశౌచిత్యం ఒకటి. చిత్రం ఏ చోట ఉన్నదన్నది దాని అర్థంలో భాగమని చెప్పడానికి ఈ శాస్త్రదృష్టి చాలు.

ఆధునికకాలంలో తెలుగింటి గోడకు చిత్రాన్ని చేర్చింది ముద్రణాయంత్రం. 1894లో బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయం నుంచి వెలువడిన దేవతల రంగుల చిత్రాలు దేశమంతటా పూజగదులకు చేరాయి. 1924లో మొదలైన ‘భారతి’ పత్రిక ఆంధ్రచిత్రకారుల వర్ణచిత్రాలను చదువరుల ఇళ్లకు చేర్చింది. తరువాత శివకాశి క్యాలెండర్లు వచ్చాయి. కోనసీమ మండువా లోగిళ్లలో వసారా గోడకు పైఎత్తున, కాస్త ముందుకు వాలేటట్టు వరుసగా తగిలించిన పటాలు ఈ చరిత్రకు సాక్ష్యం. అందులో దేవుళ్లు, గాంధీ నెహ్రూలు, గతించిన పెద్దలు, పెళ్లి ఫోటోలు ఒకే వరుసలో ఉంటారు. ఆ వరుసలో ప్రతి పటానికీ ఇంటితో చుట్టరికముంది. పటం కింద నిలబడి ఇంటివాళ్లు ఆ చుట్టరికం చెప్పగలరు. బెలూను బాలిక పటం కింద నిలబడి చెప్పడానికి ఏముంది అన్నది కొత్త ప్రశ్న.

3. వీధిచిత్ర లక్షణాలు, ముద్రణలో వాటి పరిణామం

వీధిచిత్రానికి మూడు లక్షణాలు ప్రధానం. అది ఒక చోటుకు కట్టుబడి ఉంటుంది. అది కాలానికి లోబడి వెలిసిపోతుంది, చిరుగుతుంది, మరొకరి రాత కింద మునిగిపోతుంది. దానిని గీసినవాడు అనుమతి లేకుండానో, పదిమంది ఎదుటనో ఒక సాహసం చేసి ఉంటాడు. స్థలం, కాలం, సాహసం అనే ఈ మూడూ తొలగిన తరువాత మిగిలేది ఆకారం. ముద్రణ ఆ ఆకారాన్ని ఇంటికి తెస్తుంది.

బ్యాంక్సీ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన బ్రిటిష్ చిత్రకారుడు 2003లో బెత్లెహేము సమీపంలోని బేత్ సాహూరులో ఒక గోడమీద పూలగుత్తిని విసురుతున్న ముసుగు యువకుణ్ణి చిత్రించాడు. రాళ్లు, తూటాలు పరిచితమైన ఆ నేలమీద విసిరే చేతిలో పూలుండడం వల్లనే ఆ చిత్రానికి ధ్వని. అదే చిత్రం పోస్టరుగా మరొక ఖండంలోని పడకగదికి వచ్చినప్పుడు చేయి ఉంటుంది, పూలుంటాయి. రాయి గుర్తుకు రాదు. వాచ్యార్థం మిగిలి వ్యంగ్యార్థం రాలిపోవడమంటే ఇదే. ఈ చిత్రాన్ని ఒక శుభాకాంక్షల కార్డుల సంస్థ వాడుకోగా వివాదం నడిచి, 2020లో యూరోపియన్ యూనియన్ మేధోహక్కుల కార్యాలయం బ్యాంక్సీ పక్షపు వ్యాపారచిహ్నాన్ని రద్దు చేసింది. వీధి గోడకు పేరు లేకుండా ఇచ్చిన చిత్రం బజారులోకి వచ్చాక పేరు లేకపోవడమే దానికి బలహీనతగా మారింది.

అయితే ముద్రణ వల్ల వీధికళ చెడిపోయిందని ఏకపక్షంగా తీర్మానించడం చరిత్రకు న్యాయం చేయదు. పందొమ్మిదవ శతాబ్దాంతంలో పారిస్ వీధులను జూల్ షెరే మొదలైన వారి రంగుల ప్రకటనపత్రాలు నింపాయి. 1895 నుంచి 1900 వరకు వాటిలో మేలైనవాటిని చిన్న పరిమాణంలో మళ్లీ ముద్రించి నెలనెలా చందాదారులకు అందించిన సంపుటి ‘లె మెత్ర్ ద లఫీష్’. అందులో 256 చిత్రాలు వచ్చాయి. వానకు తడిసి చినిగిపోవలసిన గోడపత్రికలు ఇంటికి చేరి నిలిచాయి. వీధిచిత్రాన్ని ఇంటి అలంకారంగా మార్చడమనే వ్యాపారానికి ఇది నూట ఇరవై ఏళ్లు దాటిన పూర్వరంగం. అక్కడ ఇంటికి వచ్చింది ఆ నగరపు వీధే. చందాదారుడు నిన్న తాను నడిచిన వీధి గోడను నేడు తన బల్లమీద చూసుకున్నాడు. రావులపాలెం గృహస్థునికి ఆ భాగ్యం ఇంకా దక్కలేదు.

4. తత్సమచిత్రం

పరభాషాపదం తెలుగులోకి వచ్చే తీరును మన వ్యాకర్తలు కేతన కాలం నుంచి సూక్ష్మంగా పరిశీలించారు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858)లో ఆ పరిశీలన శాస్త్రరూపం పొందింది. తత్సమం లోపల మార్పు ఉండదు. రామశబ్దానికి ‘డు’ చేరి రాముడు, వనశబ్దానికి ‘ము’ చేరి వనము అవుతాయి. పదశరీరం అదే, చివర డుమువులు మాత్రమే తెలుగు.

నేడు ఇళ్లకు వస్తున్న వీధిచిత్ర పోస్టర్లలో అధికభాగం ఈ అర్థంలో తత్సమాలు. న్యూయార్కు ఇటుక గోడ, లండను స్టెన్సిలు, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి యథాతథంగా ఉంటాయి. చట్రం, మేకు, వేలాడదీసిన గోడ మాత్రం మనవి. చట్రమూ మేకూ ఇక్కడ డుమువుల పని చేస్తున్నాయి. తత్సమాలు భాషకు అవసరమే. వాటివల్ల తెలుగు కావ్యభాష ఎంత సంపన్నమైందో వేరుగా చెప్పనక్కరలేదు. కాని తత్సమాన్ని వాడే కవికి దాని మూలార్థం తెలిసి ఉండాలన్నది కనీస నియమం. అర్థం తెలియకుండా నాదానికి మురిసి వాడిన తత్సమం పద్యంలో వ్యర్థపదమవుతుంది.

ఈ కొలతతో చూస్తే పోస్టర్లలో రెండు తరగతులు తేలుతాయి. మూలచిత్రం కథ తెలిసి, ఆ భావంతో ఏకీభవించి తగిలించుకున్నది మొదటి తరగతి. అది ఇంటివారి ఆలోచనకు ప్రకటన అవుతుంది. సోఫా రంగుకు పొత్తు కుదిరిందని తగిలించినది రెండవది. ‘కలలు కను’, ‘ప్రేమించు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలను స్ప్రే రంగుతో రాసినట్టు అచ్చువేసిన పటాలు దీనికి ఉదాహరణ. అక్కడ రంగు కారడం వేగానికీ భయానికీ గుర్తు కాదు. పోలీసు వచ్చేలోగా రాసి పారిపోయినవాని చేతిలో కారిన రంగు వేరు, కంప్యూటరులో తీరికగా కార్చిన రంగు వేరు. అలంకారం రసానికి అంగంగా, ప్రత్యేకప్రయత్నం లేకుండా సిద్ధించాలని ఆనందవర్ధనుడు చెప్పిన సూక్ష్మం ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది. వీధిలో కారిన రంగు ఆ సందర్భం నుంచి అప్రయత్నంగా పుట్టింది. పటంలో కారిన రంగు ప్రయత్నించి అతికించిన అలంకారం.

రంగులు కారుతున్న బుద్ధుని ముఖం మరొక ప్రచురరూపం. ఆదుర్రులో బౌద్ధస్తూపపు అవశేషాలున్న సీమ ఇది. కృష్ణా గోదావరీ మండలాలలో బుద్ధుణ్ణి శిల్పించడానికి అమరావతి కాలం నుంచి ఒక సొంత సంప్రదాయం ఉంది. పటంలోని బుద్ధుడు మాత్రం ఆగ్నేయాసియా విగ్రహాల పోలికతో, విదేశీ హోటళ్ల అలంకరణ మీదుగా మన హాలులోకి వచ్చాడు. ఇరుగుపొరుగు బంధువు దూరదేశం తిరిగి అపరిచితుడై వచ్చినట్టున్న ఈ రాకలో తత్సమచిత్రం పరిమితి అంతా కనిపిస్తుంది.

5. తద్భవచిత్రం

తద్భవంలో మార్పు పదం లోపలికి దిగుతుంది. యాత్ర జాతర అయింది, భోజనం బోనం అయింది. ‘జాతర’లో ఉన్న డప్పు చప్పుడు ‘యాత్ర’లో లేదు. అమ్మవారికి నెత్తిన పెట్టుకొని తీసుకుపోయే ‘బోనం’ ఇక భోజనానికి అపభ్రంశం కాదు. మూలానికి లేని జీవితాన్ని అది సంపాదించుకుంది. మన వ్యాకరణంలో ప్రకృతికి వికృతి ఉండడం లోపం కాదని, నేలకు అలవాటుపడిన గుర్తు అని ఈ రెండు మాటలే చెబుతాయి.

ఈ అర్థంలో తద్భవమైన వీధిచిత్రానికి తెలుగునాట చక్కని ఉదాహరణ హైదరాబాదు. 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ రాజ్‌భవన్ సమీపంలోని ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలమీద దేశవిదేశాల చిత్రకారులతో చిత్రాలు వేయించింది. ఢిల్లీ లోధీ కాలనీలో జరిగిన ప్రయత్నానికి ఇది కొనసాగింపు. స్వాతి, విజయ్ దంపతులు తెలంగాణ గ్రామీణ స్త్రీపురుషుల ముఖాలను, వారి ముక్కుపుడకలతో, తలపాగాలతో, ముడతలతో సహా నగరంలోని పెద్ద గోడలకెక్కించారు. ప్రక్రియ పరదేశానిది. కొలత, రంగుల డబ్బా, గోడ మొత్తాన్ని ఒక ముఖంగా మార్చే పద్ధతి ప్రపంచ వీధికళ నుంచి వచ్చినవే. ముఖం మనది. నగరం కట్టడానికి కూలికి వచ్చిన మనిషి ఆ నగరపు గోడమీద అంత పెద్దగా కనిపించడంలో కొత్త అర్థం పుట్టింది. ఇది జాతర వంటి తద్భవం.

ఆ ముఖం చిన్న ముద్రణగా రావులపాలెం ఇంటికి వస్తే ఏమవుతుంది? పరిమాణం తగ్గుతుంది, బస్తీ దూరమవుతుంది. అయినా ఆ ముఖాన్ని ఇంటివారు పోల్చుకోగలరు. ‘మా పొలంలో పనిచేసే మనిషిలా ఉంది’ అని ఒక్కరైనా అంటారు. ఆ మాట కొంత ఇబ్బంది పెట్టేది కూడా. పొలంలో పనిచేసే మనిషికి ఇంటి హాలులో చోటు లేని చోట ఆమె ముఖచిత్రానికి చోటు దొరకడం ఏమిటన్న ప్రశ్న దానివెంటే వస్తుంది. ఆ ప్రశ్నను లేవనెత్తగలగడం ఆ చిత్రం బలం. సౌకర్యంగా మాత్రమే ఉండే చిత్రానికి ఈ బలం ఉండదు.

6. దేశ్యచిత్రం: పోస్టరు, అక్షరం, ప్రభ

తెలుగు వీధికి తనదైన చిత్రకళ లేదా అన్న ప్రశ్నకు సమాధానం గోదావరి జిల్లాలలోనే దొరుకుతుంది. పాలకొల్లులో పుట్టిన కొసనా ఈశ్వరరావు, అంటే సినిమారంగం ఎరిగిన ఈశ్వర్, బాపు తొలిచిత్రం ‘సాక్షి’ (1967)తో పోస్టరు రూపకర్తగా ప్రవేశించారు. ఆ సినిమా చిత్రీకరణ జరిగిన పులిదిండి రావులపాలెం పొరుగు మండలమైన ఆత్రేయపురంలోని ఊరే. దర్శకుడు బాపు నరసాపురంలో పుట్టినవారు. అంటే డెల్టాలో పుట్టిన దర్శకుడు డెల్టా ఊరిలో తీసిన సినిమాకు డెల్టాలో పుట్టిన చిత్రకారుడు వేసిన గోడపత్రికతో ఆధునిక తెలుగు వీధిచిత్ర చరిత్రలో ఒక ముఖ్యఘట్టం మొదలైంది. దశాబ్దాల కృషిలో ఈశ్వర్ రెండు వేలకు పైగా చిత్రాలకు ప్రచారరూపకల్పన చేశారు. తన అనుభవాన్ని ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథంగా రాశారు. దానికి 2011 నంది పురస్కారం లభించింది. 2021లో ఆయన మరణించారు.

సినిమా పోస్టరు నూటికి నూరుపాళ్లు వీధిచిత్రం. మైదా జిగురుతో తెల్లవారేలోగా గోడకెక్కుతుంది. శుక్రవారం కొత్తది వస్తే దాని కింద అణగిపోతుంది. రిక్షా తొక్కేవాడికీ కారులో పోయేవాడికీ ఒకేలా కనిపిస్తుంది. దూరం నుంచి ఒక్క చూపులో కథ రుచి చెప్పవలసిన బాధ్యత దానికుంది. కాగితం పరిమాణాన్నిబట్టి సింగిల్ షీటు, సిక్స్ షీటు, ట్వంటీఫోర్ షీటు అని వృత్తిలోని వారికి సొంత పరిభాష ఉంది. ఇంత దేశీయమైన ఈ కళ మన ఇళ్ల గోడలకు రాకపోవడానికి కారణం దాని నాణ్యత కాదు. వీధిలో ఉచితంగా చూసినదానికి ఇంట్లో గౌరవం ఇవ్వడానికి మనకు ఉన్న సంకోచమే కారణం.

దేశ్యచిత్రానికి రెండవ మూలం అక్షరం. ఫ్లెక్సీ రాకముందు ప్రతి ఊళ్లోనూ బోర్డులు రాసే ఆర్టిస్టులుండేవారు. తలకట్టును గాలిపటంలా ఎగరేయడం, కొమ్మును తోకలా దించడం, వట్రసుడిని పువ్వులా చుట్టడం వారి విద్య. తెలుగులిపి గుండ్రదనం వారి చేతిలో బొమ్మగా మారేది. బాపు చేతిరాత ఫాంటుగా స్థిరపడి శుభలేఖల నుంచి పుస్తకాల అట్టల దాకా వ్యాపించింది. ఊరి ఆర్టిస్టుల చేతిరాతకు ఆ భాగ్యం దక్కలేదు. ఒక్కొక్కరి కుంచెకు ఒక్కొక్క వాటం ఉన్నా, వారి రాతలు గోడలతోపాటు సున్నం కిందికి పోయాయి. లారీల వెనుక తలుపుల మీది చిత్రాలదీ అదే కథ.

మూడవది ప్రభ. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల ప్రభల తీర్థం జరుగుతుంది. వెదురుతో కట్టి, రంగువస్త్రాలతో, నెమలి పింఛాలతో, గంటలతో అలంకరించిన ప్రభలను యువకులు భుజాలమీద మోస్తూ వీధులు దాటి, పొలాలకు అడ్డంపడి, కాలువలు దిగి తోటకు చేరుస్తారు. 2023 గణతంత్రదినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటానికి ఈ ప్రభల తీర్థమే విషయమైంది. వీధిలో కదిలే ఇంత పెద్ద వర్ణరచన కోనసీమలోనే ఉండగా, ఇంటి గోడకు ఇటుకల పోస్టరు తప్ప మరొకటి తోచకపోవడం కల్పనాశక్తిలోని లోటు.

7. స్టిక్కర్ ముగ్గు: ఒక నిదర్శనం

వీధిచిత్రం ముద్రణగా ఇంటికి రావడమనే ప్రక్రియ తెలుగువారికి తెలియనిదేమీ కాదు. దీనికి అచ్చమైన నిదర్శనం స్టిక్కర్ ముగ్గు. ముగ్గు ఇల్లు వీధికి ఇచ్చే చిత్రం. తెల్లవారకముందే కళ్లాపి చల్లిన నేలమీద వేస్తారు. పొద్దెక్కేసరికి నడిచేవారి పాదాలకింద చెరిగిపోతుంది. పిండిముగ్గయితే చీమలకు ఆహారమవుతుంది. సంతకం ఉండదు, అమ్మకం ఉండదు. స్థలం, కాలం అనే రెండు లక్షణాలూ ఇందులో పరిపూర్ణంగా ఉన్నాయి. వేసినవాని తెగువకు బదులు వేసినామె నిత్యశ్రద్ధ ఇందులో మూడవ లక్షణం. పాశ్చాత్య వీధిచిత్రం పరాయి గోడమీద తిరుగుబాటుగా మొదలైతే, మన వీధిచిత్రం సొంత వాకిట ఆహ్వానంగా మొదలైంది.

వాకిలి తగ్గి, అపార్టుమెంటు వరండా వచ్చాక రంగుల స్టిక్కరు ముగ్గులు గడపముందు అంటుకున్నాయి. చుక్కల లెక్క తప్పదు, రంగు వెలవదు, ఏడాది పొడుగునా అదే ముగ్గు. ఆకారం నూరుశాతం మిగిలింది. వేయడం అనే క్రియ పోయింది. నేటి ముగ్గు నిన్నటిది కాకపోవడంలో ఉన్న వార్త పోయింది. పూర్వం ముగ్గు లేని వాకిలి చూసి ఆ ఇంట ఏదో కష్టం వచ్చిందని ఊరు గ్రహించేది. స్టిక్కరు ఉన్న గడప ఆ మాట చెప్పలేదు. అయితే తెల్లవారుజామున లేచి వంగి ముగ్గు వేయవలసిన భారం ఇంటి స్త్రీమీదనే ఉండేదన్న నిజాన్ని మరచి స్టిక్కరును నిందించడం సులభం. ఉద్యోగానికి పరుగెత్తే స్త్రీకి అది వెసులుబాటు. విమర్శ ఈ రెండింటినీ ఒకేసారి చూడాలి. ఆకారాన్ని నిలిపి శ్రమను తగ్గించిన ముద్రణ, ఆ శ్రమలో ఉన్న పలుకును కూడా తీసివేసింది. న్యూయార్కు గోడచిత్రానికి పోస్టరులో జరిగినది ఇదే. అక్కడి నష్టం మనకు అంటదు; ఇక్కడి నష్టం మన గడపదే కనుక తెలుస్తుంది.

8. గ్రామ్యత, నామం, హక్కు

వ్యాకర్తలు లక్షణానికి లోబడని మాటను గ్రామ్యమని పక్కనపెట్టారు. వీధిగోడ విషయంలో ఆ పని శాసనం చేసింది. బహిరంగప్రదేశాల వికృతీకరణను నిరోధిస్తూ, అశ్లీల అభ్యంతరకర పోస్టర్లను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం వచ్చింది. ఇందులోని ‘వికృతీకరణ’ అన్న మాట భాషావిద్యార్థిని ఆలోచింపజేస్తుంది. వ్యాకరణంలో వికృతి ప్రాణమున్న రూపాంతరం. శాసనంలో వికృతి తుడిచివేయవలసిన మరక. చట్టం వెనుక న్యాయమైన కారణముంది. స్త్రీదేహాన్ని సరుకుగా పరిచిన పోస్టర్లు, ఇంటివారి అనుమతి లేకుండా ప్రహరీగోడలను ఆక్రమించిన రాజకీయ రాతలు మన వీధి చరిత్రలో భాగమే. కనుక వీధిలో ఉన్నదంతా దేశ్యసంపద అనలేం. గ్రామ్యంలో జీవమున్నదానిని గుర్తించి శిష్టవ్యవహారంలోకి తెచ్చిన గిడుగు రామమూర్తి మార్గమే ఇక్కడా అనుసరణీయం. సవరభాషను అధ్యయనం చేసిన ఆయన, రాయబడని దానికి కూడా నియమం ఉంటుందని చూపారు. ఆ సవరలు తమ ఇంటిగోడమీద దేవతలకోసం వేసే చిత్రాలు ఇప్పుడు చట్రాలలో అలంకారాలుగా అమ్ముడవుతున్నాయి. ఎవరి ఆరాధన ఎవరి అలంకారమవుతున్నదో ఆ పటం కింద రాసి ఉండదు.

ఇక్కడే పేరు ప్రశ్న వస్తుంది. భారత కాపీరైట్ చట్టం (1957) చిత్రాన్ని కళాకృతిగా గుర్తిస్తుంది; 57వ సెక్షను కర్త తన పేరు నిలుపుకొనే ప్రత్యేకహక్కును కాపాడుతుంది. బహిరంగస్థలంలో శాశ్వతంగా ఉన్న కొన్ని రకాల కళాకృతులను చిత్రించుకోవడానికి 52వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు గోడచిత్రానికి వర్తిస్తుందా అన్నది ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. స్టార్ట్ ఇండియా ఆధ్వర్యంలో ముంబైలో వేసిన ఒక గోడచిత్రాన్ని ఒక బీమా సంస్థ తన ప్రకటనలో వాడుకోగా, 2023లో న్యాయస్థానం ఆ ప్రకటనను తొలగించమని మధ్యంతరంగా ఆదేశించింది. వీధిలో ఉన్నది అందరిదీ అయినంత మాత్రాన అమ్ముకోవడానికి ఎవరిదైనా కాదన్న సూత్రానికి ఇది బలం చేకూర్చింది. పెద్ద సంస్థ అండ ఉన్న చిత్రకారునికి ఈ రక్షణ అందింది. రావులపాలెం గోడమీద అక్షరాలు రాసి, ఫ్లెక్సీ వచ్చాక పని పోయి వేరే కూలికి మళ్లిన ఆర్టిస్టు చేతిరాతను రేపు ఎవరైనా ‘పాతకాలపు తెలుగు’ పోస్టరుగా అమ్మితే అతని పేరు ఎవరు అడుగుతారు? దేశ్యచిత్రం ఇంటికి రావాలని కోరేవారు మొదట జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

9. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన విషయాలు ఇవి. వీధిచిత్రాన్ని ముద్రించి ఇంటికి తెచ్చుకోవడం కళకు ద్రోహమూ కాదు, కొత్తదీ కాదు. పారిస్ గోడపత్రికల సంపుటి నుంచి స్టిక్కర్ ముగ్గు దాకా దానికి పూర్వచరిత్ర ఉంది. ముద్రణలో స్థలం, కాలం, సాహసం తొలగిపోవడం అనివార్యం. తొలగినదానికి బదులుగా ఇంటివారి ఎరుక చేరినప్పుడు చిత్రం నిలుస్తుంది. చేరనప్పుడు పటం గోడకు రంగుగా మిగులుతుంది. తత్సమచిత్రానికి మూలార్థజ్ఞానం, తద్భవచిత్రానికి పోల్చుకోగల ముఖం, దేశ్యచిత్రానికి కర్త పేరు అవసరమైన ప్రాణాలు.

ఈ విషయంలో తెలుగు శాఖలకు చేయదగిన పని ఉంది. గోడరాతలు, సినిమా పోస్టర్ల అక్షరరూపాలు, లారీచిత్రాలు, బోర్డుల రాతలు ఇంతవరకు జానపదవిజ్ఞానానికీ లిపిశాస్త్రానికీ నడుమ ఎవరికీ చెందని నేలగా మిగిలాయి. జానపదగేయాలను సేకరించినట్టే వీటిని ఫోటోలతో, రాసినవారి పేర్లతో, వారి వృత్తిపదాలతో సేకరించాలి. డెల్టాలోని ఒక్కొక్క మండలానికి ఒక్కొక్క విద్యార్థి పూనుకున్నా, కుంచె పట్టిన తరం ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని కొంత జరుగుతుంది. అటువంటి సంపుటి ఒకటి వెలువడితే, రావులపాలెం హాలులో సోఫా వెనుక వేలాడే పటం మీద ఆ ఊరి అరటిమార్కెట్ బోర్డు రాసిన చేతి వంపు, కింద ఆ చేతి యజమాని పేరు కనిపించడం సాధ్యమవుతుంది. అప్పుడు ఆ పటం కింద నిలబడిన ఇంటివారికి చెప్పడానికి మాట ఉంటుంది.